30,000 రూపాయలతో ట్రైల్ సైకిలులో ముందు ఏది మార్చాలి: ఫోర్కా, గేర్లా, బ్రేకులా?

చంద్రగిరి మాస్టారు

అందరికీ నమస్కారం. చంద్రగిరిలో ఉంటాను, ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. బడి వేళకు ముందే రామచంద్రాపురం వైపు మామిడి తోటల మధ్య బండి దారుల్లో సైకిలు తొక్కి రావడం అలవాటు. ఆదివారమైతే రాయలచెరువు దాకా వెళ్తాను. ఆ దారులు మీలో చాలామందికి తెలిసినవే. కొంతదూరం ఎర్రమట్టి, తర్వాత గరుసు, వాగు దాటేచోట ఇసుక, గుట్ట ఎక్కేచోట పిడికిలంత రాళ్ళు.

సైకిలు 29 అంగుళాల చక్రాల అల్యూమినియం హార్డ్‌టెయిల్, అంటే వెనక స్ప్రింగు లేనిది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు 100 మి.మీ. కుంగే స్ప్రింగు రకం. బ్రేకులు కేబులుతో పనిచేసే డిస్కు బ్రేకులు, రెండు డిస్కులూ 160 మి.మీ. ముందు 42-34-24 పళ్ళచక్రాలు, వెనక 11 నుంచి 32 పళ్ళ వరకు 8 గేర్ల క్యాసెట్టు, అంటే పళ్ళచక్రాల గుత్తి. టైర్లు 2.1 అంగుళాలవి, నడిమి గుబ్బలు అరిగిపోయాయి. నా బరువు 82 కిలోలు.

దిగుడులో గరుసు మీద మలుపు తిరిగితే ముందు చక్రం పక్కకు జారుతుంది. దిగుడు కాస్త పొడవైతే లివరు పట్టీ పట్టీ వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. గుట్ట ఎక్కుతుంటే ఆఖరి గేరు కూడా చాలడం లేదు. ముళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు, పంక్చరు లేని వారం అరుదు. వీటన్నిటికీ తోడు ఫోర్కు రాళ్ళ మీద దడదడలాడుతుంది, కుంగిన తర్వాత పైకి లేచేటప్పుడు చేతుల్ని ఎగదోస్తుంది.

దాచుకున్నది 30,000. తెలిసినవారందరూ స్ప్రింగుకు బదులు గాలితో పనిచేసే ఎయిర్ ఫోర్కు కొనమంటున్నారు. నా మనసూ అటే లాగుతోంది. కాని మంచి ఫోర్కు కొంటే మిగతా వాటికి ఇక చేతిలో ఏమీ మిగలదు. ఈ ఫ్రేము నా ఒడ్డూ పొడుగుకు చక్కగా కుదిరింది కాబట్టి సైకిలు అమ్మే ఉద్దేశం ఇప్పట్లో లేదు. ఏది ముందు, ఏది తర్వాత? కారణంతో సహా చెబితే సంతోషిస్తాను.


రేణిగుంట కుర్రాడు

మాస్టారూ, నా ఓటు గేర్లకే. మీరు లెక్కల మాస్టారు కాబట్టి లెక్కతోనే చెబుతాను. ఇప్పుడు మీ అతి తేలిక గేరు 24ను 32తో భాగిస్తే 0.75. ముందు మూడు చక్రాలు తీసేసి 32 పళ్ళది ఒక్కటే పెట్టి, వెనక 11-46 క్యాసెట్టు వేస్తే 32/46, అంటే దాదాపు 0.70. 11-48 వేస్తే 0.67. గుట్ట ఎక్కడం తేలికవుతుంది. ఎడమచేతి వైపు గేరు లివరు, చైనును ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి జరిపే ముందు డెరైలరు రెండూ పోతాయి, వాటితోపాటు గజిబిజీ పోతుంది.

మైక్రోషిఫ్ట్ వారి అడ్వెంట్ 9 గేర్లది, అడ్వెంట్ ఎక్స్ 10 గేర్లది. రెండింటి క్యాసెట్లూ మీ వెనక చక్రం నడిమి హబ్బు మీద అలాగే కూర్చుంటాయి. వాటి డెరైలరులో చైనును బిగువుగా పట్టి ఉంచే క్లచ్చు ఉంటుంది కాబట్టి రాళ్ళ మీద చైను ఫ్రేముకు కొట్టుకోదు. షిమానో డియోర్‌లో 12 గేర్లది మాత్రం చూసి మోజు పడకండి. దాని క్యాసెట్టుకు మైక్రోస్ప్లైన్ అనే వేరే రకం హబ్బు కావాలి. అదే డియోర్‌లో 11 గేర్ల 11-51 క్యాసెట్టు మీ హబ్బుకే సరిపోతుంది. 42 పళ్ళ చక్రం పోతుంది కాబట్టి తారురోడ్డు మీద వేగం కొంత తగ్గుతుంది. తోటల దారుల్లో దానితో పని పడదు.


గ్యారేజీ పెద్దాయన, తిరుపతి

మాస్టారూ, ఈ వారం ఏదీ కొనకండి. ముందు కొలతలు చూసుకోండి. ఆర్టీసీ గ్యారేజీలో ఉద్యోగమంతా మెకానిక్కుగా గడిపినవాణ్ణి, ఇప్పుడు ఇంటి ముందు సైకిళ్ళు బాగుచేస్తున్నాను. కొలవకుండా కొని తెచ్చిన సామాను నా దగ్గరికి రాని నెల ఉండదు. చెన్నై నుంచో బెంగళూరు నుంచో తెప్పించుకున్న వస్తువు బిగించబోతే ఎక్కదు, తిప్పి పంపితే తీసుకోరు. చేతి చమురు వదలడం తప్ప ఒరిగేది ఉండదు.

వర్నియరు తీసుకుని కూర్చోండి. ఫోర్కు కాడ దూరే ముందరి గొట్టం, దాన్నే హెడ్ ట్యూబు అంటారు, పైనా కిందా ఒకే లావుందా, లేక కిందికి వచ్చేసరికి లావెక్కిందా? ముందు చక్రానికి లివరు తిప్పితే వదులయ్యే సన్నటి 9 మి.మీ. కడ్డీ ఉందా, 15 మి.మీ. లావుపాటి ఇరుసా? రిమ్ము మీద 622 అంకె పక్కన ఇంకో అంకె ఉంటుంది, అది లోపలి వెడల్పు, ఎంతో చూడండి. సీటు కింద గొట్టాన్ని బయటికి లాగితే అడుగున దాని వ్యాసం చెక్కి ఉంటుంది. బ్రేకు డిస్కును తుడిచి వెలుతురులో పెట్టి చూడండి, సన్న అక్షరాలు ఏవైనా కనిపిస్తే అవీ రాయండి. ఇవి చెబితే మిగతాది నేను చెబుతాను.


చంద్రగిరి మాస్టారు

పెద్దాయనా, బడి ప్రయోగశాల నుంచి వర్నియరు తెచ్చి చూశాను. హెడ్ ట్యూబు పైనా కిందా ఒకే లావు. రెండు కొసలకూ బేరింగు కప్పులు బయటికే ఉబ్బి కనిపిస్తున్నాయి, లోపలి వ్యాసం 34 మి.మీ. ముందు ఇరుసు 9 మి.మీ. కడ్డీయే. రిమ్ము మీద 622 పక్కన 19 అని ఉంది, ట్యూబు లేకుండా నడపవచ్చని చెప్పే ట్యూబ్‌లెస్ అన్న మాట ఎక్కడా లేదు. వాల్వు మోటారుసైకిలుకు ఉండే లావు రకం. సీటు గొట్టం 30.9. డిస్కు మీద రెజిన్ ప్యాడ్లు (లోహపువి కాని మెత్తటి రకం) మాత్రమే వాడాలని ఇంగ్లీషులో చెక్కి ఉంది. ఇన్నాళ్ళూ అది కంటపడలేదు, అంత సన్నగా ఉంది.


గ్యారేజీ పెద్దాయన, తిరుపతి

చాలు మాస్టారూ, సైకిలు తన సంగతంతా తానే చెప్పేసింది.

ఫోర్కు ఆశ వదులుకోండి. ఇప్పుడు దొరికే మంచి ట్రైల్ ఫోర్కుల కాడ కింది భాగంలో ఒకటిన్నర అంగుళానికి లావెక్కుతుంది. మీ 34 మి.మీ. గొట్టంలో అది పట్టదు. గొట్టం లోపలి వ్యాసం పైనా కిందా 44 అయి ఉంటే కింద బయటి కప్పు ఒకటి వేసి ఎలాగో కూర్చోబెట్టేవాళ్ళం. మీ దానికి ఆ వీలు లేదు. పైగా ఆ ఫోర్కులకు 15 మి.మీ. ఇరుసు, 110 మి.మీ. వెడల్పు హబ్బు కావాలి. అంటే ఫోర్కుతోపాటు ముందు చక్రం కూడా కొత్తదే. కాడ తిన్నగా ఉండి, 9 మి.మీ. ఇరుసుతో వచ్చే ఎయిర్ ఫోర్కులు కొన్ని ఉన్నాయి, కాదనను. మీ డబ్బులో అధికభాగం అదే తినేస్తుంది, రేపు ఫ్రేము మారిస్తే దాన్ని వెంట తీసుకుపోవడానికీ ఉండదు. 120, 140 అంటూ పొడవు పెంచుదామని ఎవరైనా చెబితే అసలు వినకండి. 20 మి.మీ. పెరిగితే ముందు భాగం సుమారు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది, పెడళ్ళ దగ్గర కూడా ఎత్తు పెరుగుతుంది. 100 మి.మీ.కు తయారుచేసిన ఫ్రేములో ఆ అదనపు బరువంతా హెడ్ ట్యూబు అతుకుల మీద పడుతుంది. మీ ప్రాణం ఉండేది ఆ అతుకుల మీదే.

ఉన్న ఫోర్కునే ఒకసారి విప్పించండి. కింది కాళ్ళు ఊడదీసి, లోపల ఎండి జిగురైన గ్రీజు తుడిచి, సస్పెన్షన్ గ్రీజు రాస్తే సగం దడదడ తగ్గుతుంది. తర్వాత ఫోర్కు కాలికి సన్న ప్లాస్టిక్ టై ఒకటి చుట్టి, నీళ్ళ సీసా, సంచితో సహా సైకిలు ఎక్కి కదలకుండా కూర్చుని దిగండి. టై 15 నుంచి 20 మి.మీ. పైకి జరిగి ఉంటే స్ప్రింగు మీ బరువుకు సరిపోయినట్టే. 30 దాటిందా, గట్టి స్ప్రింగు వెతకాలి. పైనున్న మూత తిప్పితే గట్టిపడుతుందని అందరూ అనుకుంటారు. అది స్ప్రింగును మొదట్లో కొంచెం నొక్కి ఉంచుతుందే తప్ప దాని బిగువును మార్చదు.

ఇక డబ్బు వెళ్ళాల్సిన చోటు. డిపో నుంచి బస్సు బయటికి పోవాలంటే మేము మొదట చూసేవి టైర్లు, బ్రేకులు. సీట్ల మెత్తదనం సంగతి ఆ తర్వాతే. మీకూ అదే వరస. మీరు చెప్పిన ఇబ్బందుల్లో పెద్దవి మూడు: జారడం, వేళ్ళు తిమ్మిరెక్కడం, పంక్చర్లు. ఆ మూడింటిలో ఒక్కటి కూడా ఫోర్కుతో తీరదు.

టైర్లు 29×2.25 తీసుకోండి. 19 మి.మీ. రిమ్ముకు ఆ వెడల్పు చక్కగా నప్పుతుంది. 2.4 వేస్తే తక్కువ గాలి దగ్గర మలుపులో టైరు పక్కకు ఒరుగుతుంది. ముందు టైరుకు పక్క గుబ్బలు ఎత్తుగా, విడివిడిగా ఉండాలి. గరుసులో మలుపు తిరిగేటప్పుడు నేలను పట్టేవి అవే. వెనక టైరుకు నడిమి గుబ్బలు దగ్గరదగ్గరగా ఉంటే తొక్కడం తేలిక. రెండూ ఒకే రకం కానక్కర్లేదు. కొనేముందు వెనక ఫ్రేము గొట్టాలకూ టైరుకూ మధ్య రెండువైపులా కనీసం 6 మి.మీ. ఖాళీ మిగులుతుందో లేదో చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన వానలు, ఆ మట్టి అక్కడే చిక్కుకుంటుంది.

ట్యూబ్‌లెస్ చేయమని కూడా చెబుతారు. మీ రిమ్ము అందుకు తయారైంది కాదు. లోపల టైరు అంచు కూర్చునే గట్టు సరిగా లేని రిమ్ముకు టేపు చుట్టి నడిపితే, ఏ మలుపులోనో గాలి ఒక్కసారిగా పోయి టైరు ఊడే ప్రమాదం ఉంది. ఆ సాహసం వద్దు. ట్యూబులోనే కన్నాలు పూడ్చే సీలెంటు ద్రవం పోయండి. మీది లావు వాల్వు కాబట్టి చిన్న మీటతో లోపలి పిన్ను ఊడి వస్తుంది. ఒక్కో ట్యూబుకు సుమారు 100 మి.లీ. పోసి, పిన్ను బిగించి, గాలి కొట్టి, చక్రాన్ని కాసేపు తిప్పాలి. పల్లేరు కాయలకు ఇంతకు మించిన మందు లేదు. కాయ దిగింది కదా అని అక్కడికక్కడే పీకి ఊరుకోకండి. పీకి, ఆ కన్నం కిందికి వచ్చేలా చక్రాన్ని తిప్పి ఒక నిమిషం ఉంచండి. తెల్లటి చుక్క బయటికి వచ్చి గడ్డకడుతుంది. సర్కారు తుమ్మ ముల్లు సంగతి వేరు. అది పొడవు, ట్యూబును ఈవలి నుంచి ఆవలికి పొడిచిందంటే సీలెంటు ఆపలేదు. ఆ చెట్లున్న గట్టు వెంట వెళ్ళినప్పుడు అదనపు ట్యూబు సంచిలో ఉండాల్సిందే. మన ఎండలకు సీలెంటు త్వరగా ఎండుతుంది కాబట్టి వేసవిలో రెండు మూడు నెలలకొకసారి మళ్ళీ పోయాలి.

గాలి ముందు 28, వెనక 32 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే పాము కాటులా రెండు కన్నాలు పడతాయి. అవి కనిపిస్తే రెండు పాయింట్లు పెంచండి. గాలి కొలిచే గేజి సొంతంగా ఒకటి ఉంచుకోండి. ఒక పంపు చెప్పే అంకె ఇంకో పంపు చెప్పదు.

బ్రేకులు రెండూ కేబులుకు బదులు నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ రకం చేయించండి. షిమానో ఎంటీ200 చాలు, అంతకన్నా ఖరీదైనది మీ సైకిలుకు అక్కర్లేదు. ఒకటి రెండు వేళ్ళతోనే ఆగుతుంది, తిమ్మిరి పోతుంది. అందులో వాడేది మినరల్ నూనె. పొరపాటున కూడా కారు బ్రేకు నూనె పోయనివ్వకండి, లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. ముందు డిస్కు మాత్రం 180 మి.మీ.కు పెంచండి. ఆపే బలం 180ని 160తో భాగించినంత, అంటే పన్నెండున్నర శాతం పెరుగుతుంది, వేడి కూడా తొందరగా పోతుంది. మీ ఫోర్కు 180ని ఒప్పుకుంటుందో లేదో తయారీదారు పత్రంలో చూసి మరీ కొనండి. వెనక 160 చాలు. ఆ రెజిన్ ముద్ర ఉన్న డిస్కుకు లోహపు ప్యాడ్లు వేస్తే డిస్కే అరిగిపోతుంది, కాబట్టి వెనక రెజిన్ ప్యాడ్లే.

రేణిగుంట తమ్ముడు చెప్పిన గేర్ల లెక్క సరైనదే, ఒక్క తప్పు లేదు. సమయమే ఇది కాదు. చైను కొలిచే పనిముట్టు పెట్టి చూడండి. సాగుడు 0.75 శాతం దాటేదాకా ఇప్పుడున్న సామానుతోనే నడపండి. దాటిన రోజు చైనూ క్యాసెట్టూ ఎలాగూ మార్చాలి, అప్పుడు ముందు ఒకే పళ్ళచక్రం ఉండే రకానికి మారండి. ఈలోపు గుట్ట ఎక్కాలంటే 11-34 క్యాసెట్టు దొరుకుతుంది. 24ను 34తో భాగిస్తే 0.71 కదా, తమ్ముడు చెప్పిన 0.70కి వెంట్రుకవాసి దూరం. మీ డెరైలరు 34 వరకు తీసుకుంటుందో లేదో దాని వెనక ఉన్న నంబరు చూసి చెప్పండి.


చిత్తూరు అమ్మాయి

మాస్టారూ, నేను చిత్తూరు చుట్టుపక్కల గుట్టల దారుల్లో తొక్కుతాను. పెద్దాయన మాటతో నాకు భేదాభిప్రాయం లేదు. కాని ముందు చక్రం జారడానికి టైరొక్కటే కారణం కాకపోవచ్చు. దిగుడులో మీ సీటు ఎంత ఎత్తులో ఉంటోంది? ఎక్కేటప్పటి ఎత్తులోనే ఉంటే మీరు వెనక్కీ కిందికీ జరగలేరు, సైకిలును మీ కింద వాల్చనూ లేరు. ఒళ్ళంతా బిగుసుకుపోతుంది, మలుపులో చక్రం తేలిపోతుంది. రేపు గుట్ట మీద ఆగి, సీటు అరచెయ్యంత కిందికి దించి దిగి చూడండి. దానికి రూపాయి ఖర్చు లేదు. తేడా మీకే తెలుస్తుంది.

తేడా నచ్చితే మిగిలిన డబ్బుతో డ్రాపర్ సీటు గొట్టం కొనండి. హ్యాండిల్ మీద బొటనవేలితో లివరు నొక్కి కూర్చుంటే సీటు దిగుతుంది, లేచి మళ్ళీ నొక్కితే పైకి వస్తుంది. 30.9 కొలతలో ఎంపిక బాగా ఉంటుంది. మీ ఫ్రేములో కేబులుకు కన్నం లేకపోతే కేబులు బయటి నుంచి పోయే రకం తీసుకోవాలి. నేను ఏ కొత్త సైకిలు ఎక్కినా మొదట వెతికేది ఇదే. మా దారుల్లో ఎక్కుడూ దిగుడూ వెంటవెంటనే వస్తాయి, ప్రతిసారీ దిగి సీటు సర్దుకుంటూ ఉంటే తొక్కడంలోని లయే పోతుంది.

పెడళ్ళు కూడా చూడండి. ప్లాస్టిక్ పెడలు మీద చెమట పట్టిన చెప్పు జారితే పిక్క చీరుకుపోతుంది. చిన్న చిన్న మేకులున్న వెడల్పాటి పెడళ్ళు, చదునైన అడుగున్న బూట్లు, ఈ రెండూ గేర్ల కన్నా ముందు రావాలి.

ఇంకో మాట. పట్టున్న టైర్లు, మంచి బ్రేకులు వచ్చాక కొండ పిలుస్తుంది. శేషాచలం అడవిలోకి అనుమతి లేకుండా చక్రం పెట్టకండి. అది రక్షిత అడవి, ఎర్రచందనం కోసం గస్తీ తిరుగుతూ ఉంటారు, చిరుతలూ ఉన్నాయి. లోపలికి వెళ్ళాలనిపిస్తే అటవీ శాఖ కార్యాలయంలో అడిగి, ఒప్పుకున్న దారిలోనే వెళ్ళండి. తోటల దారుల్లో కూడా కాపు దించే రోజుల్లో రైతును అడిగి వెళ్ళడం మర్యాద. ఒకరు గట్టు తొక్కి వెళ్ళారంటే ఆ తర్వాత వచ్చే మనందరికీ దారి మూసేస్తారు.


గ్యారేజీ పెద్దాయన, తిరుపతి

అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. సీటు సంగతి నాకు తట్టలేదు. నేను సామాను వైపు నుంచి చూస్తాను, ఆమె తొక్కేవారి వైపు నుంచి చూసింది. మాస్టారూ, టైర్లు, సీలెంటు, బ్రేకులు, పెడళ్ళు అయ్యాక మిగిలింది డ్రాపరుకే పెట్టండి. అది 30.9 గొట్టమున్న మరో ఫ్రేములోకీ వస్తుంది. ఫోర్కు అలా రాదు.


చంద్రగిరి మాస్టారు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఫోర్కు ఆలోచన మానుకున్నాను. మనసు కొంచెం నొచ్చుకున్న మాట నిజమే గాని, 34 అంకె కళ్ళముందు ఉండగా వాదించేదేముంది. సీటు దించి చూశాను. అదే మలుపు, అదే గరుసు, అదే అరిగిన టైరు. చక్రం జారింది గాని చేతుల్లోంచి పోలేదు. డ్రాపరు ఖాయం.

డెరైలరు వెనక నంబరు చూశాను. తయారీదారు పట్టికలో 34 పళ్ళ దాకా అని ఉంది. ఫోర్కు పత్రంలో 180 డిస్కు వాడవచ్చనీ ఉంది. చివరిగా రెండు సందేహాలు. బ్రేకులు బిగించగానే తోటల దారికి పోవచ్చా? ఎప్పటికైనా ఫ్రేము మార్చే రోజు వస్తే ఏ కొలతలు చూసుకోవాలి?


గ్యారేజీ పెద్దాయన, తిరుపతి

వెంటనే పోకండి. కొత్త ప్యాడ్లు మొదట పట్టవు. బండ్లు తిరగని తారురోడ్డు మీద 20, 25 కిలోమీటర్ల వేగానికి వచ్చి, ఒక్క బ్రేకు మాత్రమే సమంగా నొక్కుతూ నడక వేగానికి దిగండి. చక్రం బిగుసుకుపోకూడదు, పూర్తిగా ఆగనూకూడదు. ముందుది ఇరవైసార్లు, వెనకది ఇరవైసార్లు. ప్యాడు పొర డిస్కు మీద సమంగా అంటుకుంటే గాని పూర్తి బలం రాదు. ఆ తర్వాత డిస్కును వేలితో ముట్టుకోవద్దు. వేడికి కాలుతుంది, చేతి జిడ్డు అంటితే కీచుమంటుంది. చైనుకు నూనె వేసేటప్పుడు కూడా వెనక డిస్కుకు గుడ్డ కప్పండి.

ఫ్రేము సంగతి. హెడ్ ట్యూబు కిందికి లావెక్కేది కావాలి. వెనక 12 మి.మీ. ఇరుసు, 148 మి.మీ. వెడల్పు హబ్బు. ముందు 15 మి.మీ. ఇరుసు, 110 మి.మీ. వెడల్పు హబ్బు. రిమ్ములు ట్యూబ్‌లెస్‌వి, లోపలి వెడల్పు 25 నుంచి 30 మధ్య. డ్రాపరు కేబులుకు ఫ్రేములో కన్నం ఉండాలి, సీటు గొట్టం 30.9 అయితే మీ డ్రాపరు దానికీ పనికొస్తుంది. ఇవి ఉన్న ఫ్రేము అయితే ఫోర్కు మామూలుదైనా పరవాలేదు, దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. సామాను తెప్పించాక శనివారం సాయంత్రం కపిలతీర్థం రోడ్డు వైపు రండి. ట్యూబుల్లో సీలెంటు నేనే పోసి ఇస్తాను. పాత ట్యూబులు పారేయకుండా తీసుకురండి, అతుకులు వేసి సంచిలో పెట్టుకుందురు గాని.